తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు

మా అమ్మాయి ఆసుపత్రి మంచాలకు చక్రాలు తయారు చేసేది. చేసేది అని రాయడం ఇంకా చేతికి అలవాటు కాలేదు.

మంచానికి చక్రమంటే ఏముంది, గుండ్రంగా ఉంటే చాలు కదా అని మొదట్లో నేనూ అనుకున్నాను. కాదట. మనిషిని పడుకోబెట్టి తోసుకెళ్లేటప్పుడు గడప దగ్గర ఎగిరిపడకూడదు. కాలితో నొక్కితే ఉన్నచోటే ఆగాలి. అన్నిటికంటే ముఖ్యం, చప్పుడు చేయకూడదు. పక్క మంచం మీద ఎవరికో అప్పుడే నిద్ర పట్టి ఉంటుంది. అందుకని మధ్యలో ఉక్కు గోళీల బేరింగు పెట్టి, చుట్టూ బూడిదరంగు రబ్బరు వేసి, ప్రెస్సులో వేడి మీద అచ్చు పోసేవాళ్లు. ప్రతి చక్రాన్నీ ఇసుక బస్తాల బరువు కింద రోజంతా తిప్పి చూశాకే పెట్టెలో పెట్టేది. అద్దె షెడ్డు, పాత ప్రెస్సు ఒకటి, ఆరుగురు పనివాళ్లు. అదే కంపెనీ.

ఒక్కరే కంపెనీ పెట్టడం కుదరదు, ఇద్దరైనా ఉండాలి అని చెప్పి రెండో పేరు నాది రాయించింది. మా ఆయన పోయాక ఆఫీసు నుంచి వచ్చిన డబ్బులో కొంత ఇచ్చాను. వందలో డెబ్బై అయిదు వాటాలు దానివి, పాతిక నావి. వాటాలు అనే మాట వినగానే వద్దే అన్నాను. మా పుట్టింట్లో ఆ మాట పుట్టిన ఏడాదే ముగ్గురన్నదమ్ములూ మూడు పొయ్యిలు పెట్టుకున్నారు.

"ఇది ఆ వాటా కాదమ్మా" అని నవ్వింది మా అమ్మాయి. "విడిపోవడానికి కాదు, కలిసి ఉండడానికి."

మీటింగులకు నేను వెళ్లేదాన్ని కాదు. నా బదులు అదే చెయ్యెత్తేలా ప్రతి ఏడాదీ ఒక కాగితం మీద నా సంతకం తీసుకునేది. నేను చదివింది ఏడో తరగతి. కాగితం పొడుగ్గా ఉంటే నాకు భయం. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేదాన్ని.

మూడేళ్లకు ఒక పెద్ద ఆసుపత్రి నాలుగు వేల మంచాలకు చక్రాలు అడిగింది. సంతోషించాల్సిన కబురే. కానీ నాలుగు వేల మంచాలంటే పదహారు వేల చక్రాలు, పాత ప్రెస్సు మీద అది అయ్యే పని కాదు. కొత్త ప్రెస్సులు కావాలి, ఉక్కు కావాలి, ఆసుపత్రివాళ్లు డబ్బిచ్చేదాకా జీతాలు కావాలి. ఆ ఆదివారం లెక్కల బాబాయి ఇంటికొచ్చాడు. ఆయన మా ఆయనకు పినతండ్రి కొడుకు, నాకు మరిది. నాలుగైదు చిన్న కంపెనీలకు లెక్కలు రాసి బతుకుతాడు.

"డబ్బు దొరికేది రెండే చోట్ల వదినా" అన్నాడు టీ గ్లాసు పట్టుకుని. "ఒకటి అప్పు, రెండోది వాటా. మిగతా పేర్లన్నీ ఈ రెండిటి పిల్లలే. పెద్ద కంపెనీలైతే అప్పుపత్రాలు అచ్చువేసి జనానికి అమ్ముకుంటాయి. మన అమ్మడి కాగితం ఎవడు కొంటాడు? కాబట్టి బ్యాంకు."

"వడ్డీ ఎంతయ్యా?"

"వందకి పదకొండు."

"చక్రవడ్డీయా?"

"చక్రాల కంపెనీకి చక్రవడ్డీ కాక మరేం వేస్తారు వదినా!"

ఆయన జోకుకి ఆయనే పొర్లి పొర్లి నవ్వాడు. మా అమ్మాయి కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా తొమ్మిదో ఏట మా నాన్న అప్పు తీర్చలేకపోతే ఇద్దరు మనుషులు వచ్చి మా అమ్మ కుట్టుమిషను ఎత్తుకుపోయారు. సగం కుట్టిన చొక్కా సూది కిందే ఉండిపోయింది. చొక్కాతో సహా తీసుకుపోయారు. ఆ చొక్కా ఎవరిదో వాళ్లకి అమ్మ మళ్లీ గుడ్డ కొనిచ్చింది.

బ్యాంకుకి హామీగా మా ఇల్లు తనఖా పెట్టాలి. ఇల్లు నా పేరు మీద ఉంది. గురువారం బ్యాంకు నుంచి ఒకతను వచ్చాడు. టేపుతో గదులు కొలిచాడు. గోడ మీద వేలితో కొట్టి చూశాడు. వంటింట్లో తడి మచ్చ దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. అది పైపు కారడం వల్ల, బాగు చేయించేస్తాం అని నేను అడక్కుండానే చెప్పాను.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని అడిగాడు.

"నేనూ, అమ్మాయీ."

"అద్దెకున్నవాళ్లు?"

"ఎవరూ లేరు."

"అయితే ఖాళీ చేయించడానికి ఇబ్బంది ఉండదు" అని గొణుక్కుంటూ రాసుకున్నాడు.

అతని తప్పేమీ లేదు. ఫారంలో ఆ గడి ఉంది, నింపాడు. కానీ అతను వెళ్లాక నేను రెండు గదుల్లోనూ తిరిగి చూశాను. ఏది ముందు తీసుకుపోతారు, ఏది ఎక్కడ పెట్టుకుంటాం అని. మంచం ఒక్కటే బరువు. మిగతావి ఆటోలో పడతాయి.

సంతకం పెట్టనని ఆ రోజే చెప్పేశాను.

"అప్పు అయిదేళ్లలో తీరిపోతుందమ్మా. తీరాక బ్యాంకువాళ్లు మన ముఖం కూడా చూడరు. వాటా ఇస్తే అలా కాదు. వచ్చినవాళ్లు ఎప్పటికీ ఉంటారు."

"ఉంటే ఉండనీ. ఇల్లు పోతే ఎక్కడుంటావే?"

"ఇల్లు ఎందుకు పోతుంది?"

"ఎందుకు పోదు?"

ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. మా ఆయన కూడా చెప్పలేకపోయేవాడు. మా అమ్మాయి కలానికి మూత పెట్టి లేచి వెళ్లిపోయింది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

నెల తర్వాత వాటా తీసుకుని డబ్బు పెట్టే పెట్టుబడాయన వచ్చాడు. మెత్తటి బూట్లు, తక్కువ మాట. టీ తాగి కప్పు ఆయనే కడగబోతే నేను లాక్కున్నాను.

"ఇది అప్పు కాదండీ అమ్మగారూ" అన్నాడు. "వడ్డీ లేదు, వాయిదా లేదు, మీ ఇంటి కాగితాలతో నాకు పని లేదు. లాభం వస్తే నాకూ వస్తుంది. నష్టమొస్తే నాకూ పోతుంది. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు."

"ఇంకోసారి చెప్పండి."

"తిరిగి ఇవ్వక్కర్లేదండీ."

మా అమ్మాయి వైపు చూశాను. అది కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను.

కాగితాలయ్యాక చూస్తే నా పాతిక పదిహేనైంది. బాబాయిని పట్టుకున్నాను.

"నా పది ఎవరు తీశారయ్యా?"

"ఎవరూ తీయలేదు వదినా. ఆయన కోసం కొత్త వాటాలు పుట్టించాం. రొట్టె పెద్దదైంది, నీ ముక్క నీకుంది."

"ఉంటే పదిహేనని ఎందుకు రాశారు?"

"వంతు తగ్గింది, విలువ పెరిగింది."

"ఏదో ఒకటి చెప్పవయ్యా బాబూ."

"ఆయనకి నలభై, అమ్మడికి నలభై అయిదు, నీకు పదిహేను. ఏమ్మా అమ్మడూ, ఇకనుంచి మీ అమ్మతో పోట్లాడకు. అవసరం పడుతుంది" అన్నాడు.

ఇదీ చక్రవడ్డీ లాంటి జోకే అనుకుని ఆయనకు ఇంకో టీ ఇచ్చాను.

ఆ డబ్బుతో షెడ్డు కొన్నారు. కొత్త ప్రెస్సులు రెండు వచ్చాయి. ఆరుగురు ముప్పై మందయ్యారు. ఏడాదిన్నర బాగానే గడిచింది. ఆ ఏడాదిన్నర కూడా నేను ఏదో ఒకటి జరుగుతుందనే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఉక్కు ధర పెరిగింది, ఆసుపత్రివాళ్లు అయిదు నెలలు డబ్బు ఆపారు.

ఒక రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. గాజు గదిలో మా అమ్మాయీ, పెట్టుబడాయనా నిలబడే మాట్లాడుకుంటున్నారు. పనివాళ్లు తలలు వంచుకుని మామూలు కంటే ఎక్కువ పని చేస్తున్నారు. ప్రెస్సు మేస్త్రి నాకు స్టూలు వేశాడు.

"లోపల ఏమిటి మేస్త్రీ గొడవ?"

"గొడవ కాదమ్మగారూ, చర్చ. తలుపేసుకుని అరుచుకుంటే చర్చ. తీసి అరుచుకుంటే గొడవ."

అప్పుడే తలుపు తీసుకుంది.

"గోళీలు తీసేసి ప్లాస్టిక్ గొట్టం పెడితే ఆరు నెలలకి కిర్రుమంటాయండీ" అంటోంది మా అమ్మాయి.

"ఆరు నెలలకి కొత్తవి కొంటారు. వ్యాపారమంటే అదే కదమ్మా."

"అవి నా చక్రాలు కావు అప్పుడు."

"మీవీ కావు, నావీ కావు. కంపెనీవి."

మేస్త్రి నా వైపు చూసి, "ఇప్పుడు గొడవండీ" అన్నాడు మెల్లగా.

ఇంటికొచ్చాక అడిగాను, జీతాలిస్తున్నావా అని. ఇస్తున్నానంది. ఎలా అన్నాను. ఇస్తున్నానమ్మా అంది. అంతకంటే చెప్పలేదంటే డబ్బుల్లేవనే అర్థం అని నేను తేల్చుకున్నాను. కంపెనీ మూసేస్తారు, దీని చేతిలో చిల్లిగవ్వ ఉండదు, ఈ వయసులో మళ్లీ, కంపెనీ పెట్టకముందులాగే, ఎవరి దగ్గరో యంత్రాల బొమ్మలు గీసే పనికి వెళ్తుంది. రోజూ ఇదే. కూర తరుగుతూ ఇదే, బట్టలు ఆరేస్తూ ఇదే.

పది రోజుల తర్వాత పెట్టుబడాయన ఇంటికి వచ్చాడు. మా అమ్మాయి షెడ్డులో ఉంది.

"మీరు బెంగ పెట్టుకున్నారని తెలుసండీ" అన్నాడు. "మీ పదిహేనూ నాకు ఇచ్చేయండి. మీరు పెట్టినదానికి ఆరింతలిస్తాను. కంపెనీ ఏమైనా ఆ డబ్బుకి ఏమీ కాదు."

"అమ్మాయికి చెప్పాలా?"

"అది మీ ఇష్టం. మీ పేరు మీద ఉన్నవి మీవే."

ఆయన అబద్ధమేమీ ఆడలేదు. తర్వాత ఎన్నోసార్లు ఆ మాటలన్నీ గుర్తు చేసుకుని వెతికాను. ఒక్క అబద్ధం కూడా దొరకలేదు.

చెబితే అది వద్దంటుంది. అందుకే చెప్పలేదు. శుక్రవారం ఆయన పంపిన కారులో వెళ్లి మూడు చోట్ల సంతకం పెట్టాను. డబ్బు మొత్తం అదే రోజు మా అమ్మాయి పేరు మీద అయిదేళ్ల డిపాజిట్టు వేశాను. కంపెనీ మునిగినా అది మునగకూడదు. రసీదు ప్లాస్టిక్ కవరులో పెట్టి చీరల మధ్య దాచాను. వాటా అమ్మడమంటే వస్తువు అమ్మడం అనుకున్నాను. ఖాళీ స్థలం అమ్మినట్టు, పాత బీరువా అమ్మినట్టు.

మూడు వారాల తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం మూడింటికే మా అమ్మాయి ఇంటికొచ్చింది. సంచి కుర్చీ మీద పెట్టింది. మంచినీళ్లు తాగింది.

"అమ్మా, నీ వాటాలు అమ్మావా?"

"అమ్మాను. నీ పేరు మీదే వేశాను. ఉండు, కాగితం చూపిస్తాను."

"కాగితం తర్వాత. ఆయనకా?"

"ఇంకెవరికి అమ్ముతాను? నాకెవరు తెలుసు?"

అది కూర్చుంది.

"బయటివాళ్లకి అమ్మాలంటే ముందు నన్నడగాలని ఒప్పందంలో రాయించాను" అంది. "లోపలివాళ్లు ఒకరికొకరు అమ్ముకుంటే అడగక్కర్లేదు. లోపల ఉన్నది మనం ముగ్గురమే. నువ్వు అమ్ముతావని నాకు తోచలేదు."

"ఏం చేశారే నిన్ను?"

"మీటింగని నోటీసు పంపారు. నిర్వహణకి వేరే మనిషిని పెట్టాలని, నన్ను తప్పించాలని. నేను నవ్వుకున్నాను. మనవి అరవై ఉన్నాయిగా. నీకు చెబితే అన్నం మానేస్తావని చెప్పలేదు. ఇవాళ నా చెయ్యెత్తి, నువ్వు సంతకం పెట్టిన కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన వకీలు వాటాల పుస్తకం తెరిచాడు. నీ పేరు మీద గీత కొట్టేసి ఉంది."

"మరి మీరిద్దరే కదా ఉన్నది? ఆయనదొక చెయ్యి, నీదొక చెయ్యి."

"చేతులు లెక్కపెట్టరమ్మా. వాటాలు లెక్కపెడతారు. ఆయనవి యాభై అయిదు."

"వాటా అంటే ఓటని నాకెవరూ చెప్పలేదే."

"చెప్పలేదు" అంది. "నేనే చెప్పలేదు. చెబితే ఇంకో భయం పెట్టుకుంటావని."

కోపంగా అని ఉంటే బాగుండేది. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. నాకు ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, అవి ఎవరివో అన్నట్టు ఉన్నాయి. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసింది జరిగింది. జరిగాక ఎలా ఉండాలో ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

"వడ్డీ ఎంత?" అని అడిగింది.

"దేనికి?"

"డిపాజిట్టుకి."

"వందకి ఏడున్నర."

"బాగానే ఉంది" అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆదివారం బాబాయి వచ్చాడు. కోర్టుకి వెళ్లొచ్చా అని అడిగాను.

"ఏమని వెళ్తాం వదినా? ఆయన కొన్నాడు, నువ్వు అమ్మావు, పుస్తకంలో రాశారు. దొంగ సంతకం కాదు, తక్కువ ధర కాదు."

"తిరిగి కొంటే?"

"ఆయన అమ్మాలిగా."

ఆ రోజు ఆయన ఏ జోకూ వేయలేదు. టీ కూడా సగమే తాగాడు.

మా అమ్మాయి నలభై అయిదు వాటాలూ అలాగే ఉన్నాయి. కొనేవాళ్లు లేరు. అమ్మినా ఆయనకే అమ్మాలి, ఆయనకి ఇప్పుడు వాటి అవసరం లేదు. రెండు నెలలు ఇంట్లో ఉంది. వంటింటి పైపు బాగు చేసింది, తడి మచ్చకి సున్నం వేసింది. తర్వాత లిఫ్టులు చేసే ఒక కంపెనీలో బొమ్మలు గీసే పనికి చేరింది. పొద్దున ఎనిమిదికి వెళ్తుంది, ఆరున్నరకి వస్తుంది. నేను అనుకున్నవన్నీ వరసగా జరిగాయి. కంపెనీ మూసేయడం ఒక్కటే జరగలేదు.

ఏడాది చివర వాటాదారుల మీటింగుకి రమ్మని దానికి ఉత్తరం వచ్చింది. నేనూ వస్తానన్నాను. ఎందుకని అడగలేదు. ఇద్దరం బస్సులో వెళ్లాం. గేటు కొత్తది, కాపలా మనిషి కొత్తవాడు. పుస్తకం ముందుకు తోశాడు.

"మీరెవరండీ?"

"వాటాదారుని" అని సంతకం పెట్టింది మా అమ్మాయి.

"మీరు?"

నేను కొంచెం ఆలోచించాను. "ఏమీ కాను బాబూ. వాళ్లమ్మని."

"దానికి గడి లేదండీ. ఇక్కడ కూర్చోండి" అని తన పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించాడు. మంచివాడే. నీళ్ల సీసా కూడా ఇచ్చాడు. లోపలి నుంచి ప్రెస్సు దిగిన చప్పుడు వినిపించింది, మళ్లీ లేచిన చప్పుడు. లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. అందులో చక్రాలకి గోళీలున్నాయో, గొట్టాలున్నాయో పైనుంచి తెలియదు.

పావుగంటలో అది బయటికొచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది. ఈ ఏడాది లాభం పంచరట."

"నష్టమొచ్చిందా?"

"లేదు, లాభమే. ఇంకో రెండు ప్రెస్సులు కొంటారట, దానికి ఉంచుతారు. చాలనిదానికి డబ్బు తెస్తారు."

"మళ్లీ ఎవరికైనా వాటా ఇస్తారా?"

"లేదమ్మా. బ్యాంకు అప్పు. షెడ్డూ, ప్రెస్సులూ తనఖా."

"అప్పా?" నా గొంతు నాకే వినపడింది. "ఆయనకి భయం లేదా?"

"అప్పైతే అయిదేళ్లలో తీరిపోతుంది, వాటా ఇస్తే వచ్చినవాళ్లు ఎప్పటికీ ఉంటారు అన్నాడు. అందరి ముందూ నా వైపు చూసే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చెయ్యెత్తాను" అంది. "సరైన పనే కదా."

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు నాకిచ్చి అది ఇటువైపు కూర్చుంది. మేం దిగే చోటు వచ్చేదాకా ఇద్దరం టిక్కెట్లు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాం.